మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏ బ్లాక్ మేలు: పడుకోబెట్టేదా, లేపి నిలబెట్టేదా?

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు వార్డుకొస్తారు. రిపోర్టులు తిరగేసి, "నడుముకు మత్తిస్తాం, తర్వాత నొప్పి తెలియకుండా కాలికి బ్లాక్ కూడా వేస్తాం, సరేనామ్మా?" అంటారు. అమ్మ కొడుకు వైపు చూస్తుంది, కొడుకు డాక్టరు వైపు చూస్తాడు. "మీరెట్ల చెప్తే అట్ల సార్" అని సంతకం పెట్టేస్తారు. బ్లాకుల్లో రకాలున్నాయని, ఏ రకం వేశారన్నదాన్ని బట్టే మర్నాడు పొద్దున కాలు లేస్తుందా లేదా అన్నది తేలుతుందని ఆ సంతకం వేళ చాలామందికి తెలియదు.

నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టును. సూది వేసేది నేను కాదు, కానీ ఆ సూది ఏం చేసిందో మర్నాడు మంచం పక్కన నిలబడి చూసేది నేనే. కాబట్టి నా కొలత కాస్త వేరు. రాత్రి నొప్పి ఎంత తగ్గిందన్నది ఒక్కటే చూస్తే ఏ బ్లాకైనా మంచిదే. పొద్దున వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలిగారా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే వరస మారిపోతుంది.

తీర్పు ముందే చెప్పేస్తా. ఒక మోకాలికి మామూలు కీలు మార్పిడి అయితే, తొడ మధ్యలో వేసే అడక్టర్ కెనాల్ బ్లాక్, దానికి తోడు సర్జన్ గాయం మూసే ముందు కీలు చుట్టూ ఎక్కించే మందు. చాలామందికి ఈ జోడీ చాలు. యూరప్ నిపుణులు నడిపే ప్రాస్పెక్ట్ బృందం 2022లో ఇచ్చిన సిఫారసుల్లోనూ ఇదే జోడీ ఉంది, పారాసెటమాల్, వాపు తగ్గించే మాత్ర, ఒక డోసు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు తోడుగా. ఇక చెప్పాల్సింది ఎందుకు అన్నదీ, ఎవరికి వేరే దారి అన్నదీ.

నడుము సూది వేరు, బ్లాక్ వేరు

ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. నడుముకు ఇచ్చే స్పైనల్ మత్తు ఆపరేషన్ జరగడానికి. నడుము కింద రెండు కాళ్లూ మొద్దుబారతాయి, రెండు మూడు గంటల తర్వాత దిగిపోవడం మొదలవుతుంది. ఎముక కోసి, లోహపు కీలు కూర్చోబెట్టిన నొప్పి అప్పుడు బయటపడుతుంది. మొదటి రెండు రోజులు గట్టిగానే ఉంటుంది. బ్లాక్ ఆ రెండో దశ కోసం: మోకాలికి పోయే నరం పక్కన మందు వదిలి, నొప్పి కబురు పైకి పోకుండా ఆపడం.

చిక్కేమిటంటే మోకాలికి ఒక్క నరం కాదు. ముందువైపు, లోపలివైపు నొప్పి ఎక్కువగా ఫెమొరల్ నరం కొమ్మల మీదుగా పోతుంది. వెనకవైపు, అంటే మడత పడే చోటు, పిరుదు నుంచి దిగే సయాటిక్ నరం కొమ్మలది. ఆబ్చురేటర్ నరం కూడా కొంత చేయి వేస్తుంది. కాబట్టి ఏ ఒక్క బ్లాకూ మోకాలు మొత్తాన్ని ఆపలేదు. "బ్లాక్ వేశామన్నారు, అయినా నొప్పుండాదే" అని ఎవరైనా అంటే చాలాసార్లు బ్లాక్ తప్పిపోయినట్టు కాదు, ఆ బ్లాక్ పరిధిలో లేని చోట నొప్పి ఉన్నట్టు. వేలితో చూపించమంటే మోకాలి వెనక చూపిస్తారు.

ఇంకో చిక్కు: ఫెమొరల్ నరం నొప్పి కబురొక్కటే మోయదు. తొడ ముందున్న నాలుగు తలల కండ, క్వాడ్రిసెప్స్, పని చేయాలంటే ఆజ్ఞ పోయేది కూడా దాని గుండానే. మోకాలు ముడుచుకుపోకుండా మనల్ని నిలబెట్టేది ఆ కండే. బ్లాకుల మధ్య పోటీ అంతా ఇక్కడే ఉంది: నొప్పిని పడుకోబెట్టి, కండను మెలకువగా ఉంచడం ఎవరి వల్ల అవుతుంది?

గజ్జల్లో వేసేది: ఫెమొరల్ బ్లాక్

పాతది, నమ్మకమైనది. గజ్జల్లో రక్తనాళం పక్కనే నరం పైపైనే దొరుకుతుంది. అల్ట్రాసౌండ్ లేని రోజుల్లో చిన్న కరెంటు మిషన్‌తో కండ అదిరేది చూసి వేసేవారు. నొప్పి తగ్గించడంలో దీనికి వంక పెట్టలేం. మోకాలి ముందువైపు నిజంగానే సద్దుమణుగుతుంది.

మర్నాడు పొద్దున నేను చేసే మొదటి పని చెప్తా. దుప్పటి తీసి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "తువ్వాలును మంచానికి నొక్కండమ్మా" అంటాను. చేయి తొడ మీద వేసి ఉంచుతా. కండ బిగుసుకుంటే అరచేతికి తెలుస్తుంది, మోకాలి చిప్ప ఒక నూలు పైకి జరుగుతుంది. తర్వాత తువ్వాలు తీసేసి, "ఇప్పుడు మోకాలు వంచకుండా మడమ పైకి లేపండి." ఫెమొరల్ బ్లాక్ బలంగా ఉన్నవాళ్లలో తొడ మెత్తగానే ఉండిపోతుంది. మొహంలో ప్రయత్నం కనిపిస్తుంది, కాలి వేళ్లు కదులుతాయి, మడమ మాత్రం పరుపును వదలదు. శ్రీకాళహస్తి వైపు నుంచొచ్చిన ఒకవ్వ నవ్వేసింది: "నొప్పి లేదు నాయనా, కాలు ఉండాదో లేదో కూడా తెలీలా."

నొప్పి లేదు కాబట్టి ఆమెకు ధైర్యం. ప్రమాదం ఆ ధైర్యంలోనే ఉంది. తెల్లవారుజామున బాత్రూముకు పోవాలనిపిస్తుంది, పక్కన కూతురు నిద్రలో ఉంటుంది, లేపడం ఎందుకని తానే కాలు కింద పెడుతుంది. కండ పట్టు లేని మోకాలు ఒక్కసారిగా ముడుచుకుంటుంది. కొత్త కీలు వేసిన కాలి మీద పడితే కుట్లు విచ్చుకోవచ్చు, ఎముక విరగొచ్చు. ఫెమొరల్ బ్లాక్ వేసినవాళ్లలో ఇలా పడిపోవడాలు బయటపడే కొద్దీ, 2010 తర్వాత ప్రపంచమంతా మత్తు డాక్టర్లు సూదిని గజ్జల నుంచి కిందికి దించడం మొదలుపెట్టారు.

దీనికి ఇప్పటికీ చోటు లేకపోలేదు. తొడ ఎముక విరిగి వచ్చినవాళ్లకు, చిప్ప పగిలి కుట్టు వేసి రెండు మూడు రోజులు కదపకూడదన్నవాళ్లకు ఇది చక్కగా పనికొస్తుంది. వాళ్లను మర్నాడు నడిపించే పని ఎలాగూ లేదు. కీలు మార్పిడికి వేస్తే మాత్రం మోకాలికి బ్రేస్, అంటే వంగనివ్వని పట్టీ, కట్టకుండా, ఇద్దరు పట్టుకోకుండా నేను మంచం దింపను.

తొడ మధ్యలో వేసేది: అడక్టర్ కెనాల్ బ్లాక్

ఫెమొరల్ నరం గజ్జల్లోంచి దిగగానే కొమ్మలుగా చీలిపోతుంది. కండకు పోయే కొమ్మల్లో ఎక్కువ భాగం పైనే విడిపోతాయి. కిందికి రక్తనాళంతో పాటు సార్టోరియస్ కండ కింద ఒక సొరంగంలా ఉన్న దారిలో ప్రయాణం చేసేవి ముఖ్యంగా రెండు: చర్మానికీ కీలుకూ స్పర్శ తెచ్చే సఫీనస్ నరం, తొడ లోపలివైపు కండకు పోయే కొమ్మ ఒకటి. ఆ సొరంగం పేరే అడక్టర్ కెనాల్. అక్కడ అల్ట్రాసౌండ్‌తో చూస్తూ మందు వదిలితే నొప్పి దారి మూసుకుంటుంది, నాలుగు తలల్లో మూడు తలలు మామూలుగానే పని చేస్తాయి. మామిడితోటలో మెయిన్ గేట్‌వాల్వు కట్టేస్తే తోటంతా ఎండుతుంది, ఒక సాలుకు పోయే డ్రిప్పు పైపు మడిచి కట్టేస్తే ఆ సాలుకే నీళ్లు ఆగుతాయి. ఫెమొరల్‌కూ దీనికీ తేడా అదే.

నొప్పి తగ్గించడంలో ఫెమొరల్‌కు దాదాపు సమానమేనని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. నా వైపు నుంచి తేడా ఇంకా స్పష్టం: తువ్వాలు నొక్కమంటే నొక్కుతారు. మడమ మూడు అంగుళాలైనా లేస్తుంది. ఆ మూడు అంగుళాలు లేచిన రోజే వాకర్ పట్టిస్తాను. "కొండకు నడిచి పోవచ్చా సామీ?" అని రెండో రోజే అడిగేవాళ్లు మా ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. అలిపిరి మెట్లు 3,550, అందులో మోకాళ్ల పర్వతం ఉంది. ఆ మాట నెలలు గడిచాక సర్జన్‌తో. ఇవాళ్టికి మంచం నుంచి కుర్చీ దాకా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వెనకవైపు నొప్పిని ఇది సరిగ్గా ముట్టుకోదు. మందు ఎక్కువ పోసినా, సూది కాస్త పైకి వేసినా, మందు పైకి పాకి ఫెమొరల్ బ్లాక్ లాగే కండను బలహీనం చేయొచ్చు. అందుకని అడక్టర్ కెనాల్ వేశారని తెలిసినా మడమ పరీక్ష చేయకుండా లేపకూడదు. పేరు చూసి కాదు, కాలు చూసి లేపాలి. ఇంకోటి, దీన్ని వేయడానికి అల్ట్రాసౌండ్ మిషనూ, దాంతో చేయి తిరిగిన మత్తు డాక్టరూ కావాలి. ఊరికి ఊరికీ, ఆసుపత్రికి ఆసుపత్రికీ ఇక్కడే తేడా వస్తుంది.

మోకాలి వెనక నొప్పికి

ఒకప్పుడు ఫెమొరల్‌తో పాటు సయాటిక్ నరాన్ని కూడా బ్లాక్ చేసేవారు. నొప్పి పూర్తిగా పోతుంది, పాదం కూడా పోతుంది! అరికాలు పైకి ఎత్తలేరు, వేళ్లు కదలవు. దీంతో సర్జన్‌కు ఇంకో తలనొప్పి. మోకాలి కింద బయటివైపు సన్నటి ఎముకకు (ఫిబులా) ఆనుకుని పోయే, పాదాన్ని పైకెత్తించే పెరోనియల్ నరం కీలు మార్పిడిలో సాగి దెబ్బతినే అవకాశం కొద్దిగా ఉంటుంది, ముఖ్యంగా మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా లోపలికి వంగిపోయినవాళ్లలో. ఆపరేషన్ అయిన వెంటనే "పాదం పైకెత్తు" అని అడిగేది అందుకే. సయాటిక్ బ్లాక్ వేసి ఉంటే ఎత్తలేకపోవడం సూది వల్లా, ఆపరేషన్ వల్లా అన్నది తేలడానికి మర్నాటి దాకా కాచుకోవాలి. మామూలు కీలు మార్పిడికి దీన్ని ఇప్పుడు దాదాపు వదిలేశారు, వదిలేయడమే సరి.

దాని స్థానంలో వచ్చింది ఐప్యాక్. మోకాలి వెనక రక్తనాళానికీ కీలు వెనక గోడకీ మధ్య ఉన్న సందులో మందు వదులుతారు. అక్కడ ఉండేవి కీలుకు పోయే సన్నటి కొసలు. పాదాన్ని కదిలించే పెద్ద నరాలు కాస్త పైపైన ఉంటాయి కాబట్టి సాధారణంగా వాటి జోలికి పోదు. అడక్టర్ కెనాల్‌కు దీన్ని జోడిస్తే మొదటి రోజు వెనకవైపు పీకుడు తగ్గిందని కొన్ని పరిశోధనలు, సర్జన్ కీలు చుట్టూ మందు బాగా వేసి ఉంటే ఐప్యాక్ వల్ల అదనంగా పెద్ద లాభం లేదని కొన్ని. నా అభిప్రాయం అడిగితే: మీ ఆసుపత్రిలో మామూలుగా వేస్తుంటే వద్దనకండి, వేయకపోతే దీని కోసం ఆసుపత్రి మార్చకండి. మందు పక్కకు పాకితే ఇక్కడా పాదం కాసేపు వేలాడొచ్చు. అదొక్కటి గుర్తుంటే చాలు.

సర్జన్ వేసే మందు

కొందరు దీన్ని కాక్‌టెయిల్ ఇంజెక్షన్ అంటారు. మొద్దుబార్చే మందు రోపివకెయిన్ లేదా బుపివకెయిన్‌ను సెలైన్‌తో పలచన చేసి, అడ్రినలిన్, చాలాసార్లు వాపూ నొప్పీ తగ్గించే కెటోరొలాక్ కూడా కలిపి, కీలు వెనక గోడకూ పక్క కణజాలానికీ చర్మం కిందా కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. సిడ్నీ డాక్టర్లు ఇద్దరు తమ అనుభవాన్ని 2008లో ప్రచురించాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది. కండ బలం తగ్గదు. మిషన్ అక్కర్లేదు, వేరే సూది లేదు, అదనపు సమయం కొన్ని నిమిషాలే. ఖర్చు మందుదే.

అల్ట్రాసౌండ్ లేని ఆసుపత్రిలో చేయించుకుంటున్నారా? అప్పుడు ఫెమొరల్ కంటే ఇదే మేలని నేనంటాను. నొప్పి రవ్వంత ఎక్కువ తెలిసినా కాలు మన చేతిలో ఉంటుంది.

ఇక్కడ లెక్క ఒకటుంది, పేషెంటు తరఫువాళ్లు చేయాల్సింది కాదు గానీ తెలిస్తే మంచిది. మొద్దుబార్చే మందుకు ఒంటి బరువును బట్టి హద్దు ఉంటుంది. రోపివకెయిన్‌కు సాధారణంగా పాటించే హద్దు కిలోకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. 0.2 శాతం మందులో మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి 90 మిల్లీలీటర్లతో హద్దు ముగుస్తుంది. మత్తు డాక్టరు బ్లాకుల్లో వేసిందీ, సర్జన్ కీలులో వేసిందీ ఒకే ఖాతాలో రాయాలి. 45 కిలోల బక్కపలచని అవ్వకు ఈ ఖాతా త్వరగా నిండిపోతుంది. హద్దు దాటినా, మందు పొరపాటున రక్తనాళంలోకి పోయినా నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము రుచి, చెవుల్లో హోరు మొదలవుతాయి, ముదిరితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే తెల్లటి మందు దీనికి విరుగుడు, బ్లాకులు వేసే చోట అందుబాటులో ఉండాల్సింది. మీరు చేయాల్సిందల్లా, సూది వేస్తున్నప్పుడు నోరు తిమ్మిరెక్కుతోందంటే మొహమాటపడకుండా వెంటనే చెప్పడం. "డాక్టర్లకు తెలీదా" అని ఊరుకోకండి, నాలుక మీది రుచి మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎపిడ్యూరల్ ఎవరికి?

నడుములో సన్నటి పైపు పెట్టి రెండు మూడు రోజులు మందు ఎక్కించే ఎపిడ్యూరల్ ఒకప్పుడు కీలు మార్పిడికి రాజు. నొప్పి మీద దాని బలం ఇప్పటికీ తగ్గలేదు. దాంతోపాటు వచ్చేవే ఇబ్బంది: బీపీ పడిపోతుంది, మూత్రం రాక పైపు వేయాల్సి వస్తుంది, ఫెంటనిల్ లాంటి మార్ఫిన్ జాతి మందులు కలిపితే ఒళ్లంతా దురద, ఆపరేషన్ చేయని కాలు కూడా బరువెక్కుతుంది. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు వేసే ఎనాక్సాపరిన్ సూదికీ ఈ పైపుకీ పడదు. నివారణ డోసు వేసిన 12 గంటల లోపు పైపు పెట్టడం గానీ తీయడం గానీ చేయరు, ఎందుకంటే వెన్నులో రక్తం గూడుకట్టే ప్రమాదముంది. అరుదే, కానీ జరిగితే కాళ్లు పడిపోయేంత పెద్దది.

ఒకే రోజు రెండు మోకాళ్లూ మార్పించుకునేవాళ్ల దగ్గర దీనికింకా విలువ ఉంది. రెండు వైపులా బ్లాకులు, రెండు వైపులా సర్జన్ మందు అంటే పైన చెప్పిన ఖాతా ఇరుకైపోతుంది. అక్కడ మత్తు డాక్టరు ఎపిడ్యూరల్ అంటే అర్థముంది. ఒక్క మోకాలికైతే "బ్లాక్‌తో సరిపోదా సార్?" అని అడగడంలో తప్పులేదు.

స్పైనల్ సూదిలోనే కాస్త మార్ఫిన్ కలపడం ఇంకో దారి. చవక, దాదాపు ఒక రోజు పని చేస్తుంది. వాంతులు, దురద ఎక్కువ. ఊపిరి నెమ్మదించకుండా రాత్రంతా ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. నర్సులు తక్కువ, పేషెంట్లు ఎక్కువ ఉన్న వార్డుకు, గురకపెట్టి నిద్రలో ఊపిరాగే జబ్బున్నవాళ్లకు ఇది నాకు నచ్చదు.

ఒక సూదా, పైపు పెట్టి ఉంచడమా?

ఇంతసేపు చెప్పిన రకాల కంటే ఇంట్లోవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది.

అడక్టర్ కెనాల్‌లో ఒక సూది వేసి వదిలేస్తే సుమారు 12 నుంచి 18 గంటలు పని చేస్తుంది. డెక్సామెథసోన్ తోడైతే ఇంకొన్ని గంటలు. పొద్దున పదకొండుకు వేశారనుకోండి, అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ఎప్పుడో దిగిపోతుంది. దిగేటప్పుడు మెల్లగా దిగదు. సాయంత్రమంతా "బాగుండాను, ఏం నొప్పి లేదు" అని చుట్టాలతో ఫోన్లు మాట్లాడి, రాత్రి మాత్ర వద్దని పక్కన పెట్టి పడుకున్న మనిషికి రెండింటికి మెలకువ వస్తుంది, కీలులో సలసల కాగినట్టు. డ్యూటీ డాక్టరును పిలిచి, సూది తెచ్చి, అది ఎక్కి పనిచేసేలోపు గంట గడుస్తుంది. మర్నాడు నేను వెళ్లేసరికి నిద్రలేక, భయపడి, కాలు ముట్టుకోనివ్వరు. బ్లాక్ మంచిదే, మాత్ర వేళ తప్పింది.

కాబట్టి నొప్పి లేకపోయినా రాసిన వేళకు రాసిన మాత్ర వేసుకోవాలి. పారాసెటమాల్ వేళ తప్పకూడదు. పడుకునే ముందు డోసు దాటకూడదు. వార్డులో నేను ఒక్కటే అడుగుతా: "బ్లాక్ ఎన్ని గంటలకు వేశారు?" కేస్ షీటులో ఉంటుంది. ఆ వేళకు పన్నెండు గంటలు కలిపి, దానికి ముందే మాత్ర కడుపులో ఉండేలా చూసుకోండి.

పైపు, అంటే కాథెటర్, పెడితే రెండు మూడు రోజులు పలచటి మందు చుక్కలుగా పోతూనే ఉంటుంది, ఈ అర్ధరాత్రి గండం తప్పుతుంది. అయితే పైపు కిట్టుకు, పంపుకు వేరే డబ్బు. తొడ మధ్యలో అతికించిన పైపు నేను వ్యాయామం చేయించేటప్పుడు జరిగిపోతుంది, పక్కల నుంచి మందు కారుతుంది, చర్మం దగ్గర ఎర్రబడితే తీసేయాలి. రెండోసారి అదే మోకాలికి ఆపరేషన్ అవుతున్నవాళ్లకు, ఎప్పటి నుంచో ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు వాడుతూ ఇప్పుడవి పని చేయనివాళ్లకు పైపు పెట్టిస్తే డబ్బుకు న్యాయం జరుగుతుంది. మిగతావాళ్లకు ఒక సూదీ, వేళకు మాత్రా చాలు. ప్యాకేజీలో బ్లాక్ కలిసి ఉందా, పైపు కలిసి ఉందా అన్నది ముందే బిల్లింగ్ కౌంటరులో అడిగి రాయించుకోండి, డిశ్చార్జి రోజు గొడవ ఉండదు.

మనిషిని బట్టి మారేవి

మా వైపు మోకాళ్లతో వచ్చే పెద్దవాళ్లలో షుగరు లేనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. షుగరుతో పాదాలు ఇప్పటికే మొద్దుబారినవాళ్లలో బ్లాక్ అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉండొచ్చు. అరికాలు మంట, చెప్పు జారినా తెలియకపోవడం ముందే ఉంటే మత్తు డాక్టరుకు చెప్పి రాయించండి. లేకపోతే ఆపరేషన్ తర్వాత "ఈ తిమ్మిరి సూది వల్లే" అని తగాదా మొదలవుతుంది. నిజంగా సూది వల్ల నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు. డెక్సామెథసోన్ ఇస్తే ఒకటి రెండు రోజులు షుగరు పైకి పోతుంది. అది చూసి కంగారుపడి ఇన్సులిన్ సొంతంగా పెంచొద్దు.

కిడ్నీ సరిగా లేనివాళ్లకు వాపు తగ్గించే మాత్రలు, సర్జన్ మందులో కెటోరొలాక్ ప్రమాదం. వాళ్లకు మాత్రల దారి ఇరుకు, కాబట్టి మంచి బ్లాక్ మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరం. క్రియాటినిన్ రిపోర్టు చూపించి గట్టిగా అడగాల్సింది వీళ్లే.

గుండెకు స్టెంటు పడి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు వెన్నులో సూదికి సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందే ఆ మాత్ర ఆపాల్సి ఉంటుంది, ఆపొచ్చా లేదా అన్నది గుండె డాక్టరు చెప్పాలి. అడక్టర్ కెనాల్ పైపైన ఉండే చోటు, రక్తం వచ్చినా నొక్కి ఆపొచ్చు కాబట్టి అంత కఠినం కాదు. పూర్తిగా నిద్రపుచ్చే జనరల్ మత్తుతో ఆపరేషన్, నొప్పికి ఈ బ్లాక్ అన్న జోడీ ఇలాంటివాళ్లకు కుదురుతుంది.

ఇక దూరబీన్ ఆపరేషన్లు, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసేవి. మెనిస్కస్, అంటే కీలు మధ్య ఉండే మెత్తటి దిండు, కాస్త గొరిగితే బ్లాక్ అవసరమే రాకపోవచ్చు, కీలులో మందు వదిలితే సరిపోతుంది. లిగమెంట్ వేసే కుర్రాళ్లకు అడక్టర్ కెనాల్ బాగానే ఉంటుంది. కానీ తొడ వెనక నుంచి నరంలాంటి కండర తాడు తీసి వాడితే ఆ తీసిన చోట నొప్పి దీనికి లొంగదు. సాయంత్రమే ఇంటికి పంపితే మొద్దుకాలితో బండెక్కి పుత్తూరో పీలేరో పోయే సాహసం వద్దు, కారులో కాలు చాపుకుని పోండి. స్పర్శ తిరిగొచ్చేదాకా ఆ కాలి మీద వేడినీళ్ల సంచి పెట్టకండి. చర్మం కాలినా తెలియదు.

జెనిక్యులర్ బ్లాక్ అని ఇంకోటి వింటారు. మోకాలి చుట్టూ మూడు చోట్ల సన్నటి కొమ్మలకు వేస్తారు. ఆపరేషన్ తర్వాత నొప్పికీ కొందరు వాడుతున్నారు గానీ, అది ఎక్కువగా పనికొచ్చేది ఆపరేషన్ ఇప్పుడే వద్దు అనుకునేవాళ్లకు, చేయడానికి ఒళ్లు సహకరించనివాళ్లకు. దాని మంచిచెడ్డలు వేరే కథ.

మత్తు డాక్టరును ఏమడగాలి

తిరుపతిలో బర్డ్, స్విమ్స్, రుయా దగ్గర్నుంచి ప్రైవేటు నర్సింగ్ హోముల దాకా, చిత్తూరు, పలమనేరు వాళ్లకైతే వేలూరు సీఎంసీ దాకా, ఎక్కడ చేయించుకున్నా అడగాల్సినవి పెద్ద తేడా ఉండవు. "ఏ బ్లాక్ వేస్తారు సార్, గజ్జల్లోనా తొడ మధ్యలోనా?" అన్న ఒక్క ప్రశ్నతో సగం సంగతి తేలిపోతుంది. తొడ మధ్యలో అంటే, "సర్జన్ గారు కూడా లోపల మందు వేస్తారా?" అని అడగండి. గజ్జల్లో అంటే, "రేపు నడిపించేటప్పుడు బ్రేస్ ఉంటుందా?" అనండి. మంచి మత్తు డాక్టరు ఈ ప్రశ్నలకు చిరాకుపడరు. కారణం చెప్పి మీరనుకున్నది కాకుండా ఇంకోటి వేస్తామంటే వినండి. మీ అమ్మ గుండె, ఊపిరితిత్తులు, రక్తం రిపోర్టు ఆయన చేతిలో ఉన్నాయి, నా చేతిలో లేవు.

వార్డుకు వచ్చాక మొదటి రోజు రాత్రి పక్కన పడుకునేవాళ్లు ఎవరో ముందే తేల్చుకోండి. మంచం రెయిలింగు పైకి ఉంచండి, బెడ్‌పాన్ చేతికందేలా పెట్టండి, అమ్మకు గట్టిగా చెప్పండి: నొప్పి లేదని లేవొద్దు, నన్ను లేపు. మర్నాడు మడమ లేచాకే నడక.

బ్లాక్ వేసి 24 గంటలు దాటినా పాదం పైకి ఎత్తలేకపోతున్నా, రెండో రోజూ తొడ మెత్తగా ఉండి మడమ లేవకపోయినా డ్యూటీ డాక్టరుతో చెప్పి కేస్ షీటులో రాయించండి, మత్తు డాక్టరును పిలిపించమనండి. పిక్క గట్టిపడి వాచి నొక్కితే నొప్పి పుడితే అది బ్లాక్ సంగతి కాదు, రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, తెల్లారేదాకా ఆగకండి. ఇంటికి వెళ్లాక సూది వేసిన చోట ఎర్రగా అయినా, చీము కనిపించినా, జ్వరం తగిలినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే ఫోన్ చేయండి.